ఎంచి రాసుకునే విద్య: విశ్వవిద్యాలయ తరగతి, విద్యార్థి నోట్సు



పాఠం చెప్పడమే జీవితంగా గడిపిన వ్యక్తి జ్ఞాపకార్థం జరిగే సభలో పాఠం వినడం గురించి మాట్లాడటం సముచితమనిపించి ఈ అంశాన్ని తీసుకున్నాను. పాఠం ఎలా చెప్పాలన్న విషయం మీద మన విశ్వవిద్యాలయాల్లో చర్చకు లోటు లేదు. సిలబస్‌లు మారుతుంటాయి, అధ్యాపకులకు శిక్షణలు జరుగుతుంటాయి, గదుల్లో ప్రొజెక్టర్లు అమరుతుంటాయి. చెప్పిన పాఠాన్ని ఎలా అందుకోవాలో మాత్రం విద్యార్థులకు ఎవరూ నేర్పరు. ఇంటర్మీడియట్ దాకా లెక్చరర్ ఆగి ఆగి చెప్పిన నోట్సు మీద, అచ్చు వేసి ఇచ్చిన మెటీరియల్ మీద నడిచిన పిల్లలు ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరగానే, ఒక్క గంటలో అధ్యాయం సగం దాటించే ఉపన్యాసం ముందు కూర్చుంటారు. వాళ్లకు తెలిసిన ఉపాయం ఒక్కటే, వినబడ్డదల్లా రాయడం. అది కుదరదని మొదటి వారంలోనే తేలిపోతుంది. అక్కడి నుంచి కొందరు రాయడమే మానేసి, పరీక్షల ముందు సీనియర్ల నోట్సు జిరాక్స్ తీయించుకుంటారు. కొందరు తల ఎత్తకుండా రన్నింగ్ నోట్స్ రాస్తూ కళ్ల ముందు జరిగే పాఠాన్ని పోగొట్టుకుంటారు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు దారులూ ఒకే అపోహ నుంచి పుట్టినవే. నోట్సు అంటే ఉపన్యాసానికి నకలు అన్నదే ఆ అపోహ. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇది: వేగంగా సాగే తరగతిలో చేతివేగం కన్నా ఎంపిక చేసే శక్తి ముఖ్యం. ఆ శక్తి తరగతికి ముందు చేసే కొద్దిపాటి తయారీతో వస్తుంది, తరగతి అయ్యాక ఒక రోజు లోపల చేసే పనితో ఫలిస్తుంది. మధ్యలోని గంట ఆ రెంటినీ కలుపుతుంది.

ముందు లెక్క చూద్దాం. ఉపన్యాసం ఇచ్చేవారు సెకనుకు రెండు మూడు మాటలు పలుకుతారు. అంటే నిమిషానికి 120 నుంచి 180. చేత్తో రాసేవారు ఎంత చురుగ్గా రాసినా నిమిషానికి 20, 25 మాటలు దాటడం కష్టం. నోట్సు రాసేటప్పుడు మనసు పడే శ్రమ మీద 2005లో అనీ పియోలా, తియెరీ ఓలీవ్, రొనాల్డ్ కెలాగ్ రాసిన పరిశోధన వ్యాసం ఈ అంతరాన్నే ప్రస్తావించింది. మాటకూ రాతకూ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు చేతిని రెట్టింపు వేగంతో నడిపినా సగం కూడా చిక్కదు. పైగా రాసే సమయంలో విద్యార్థి చేస్తున్నది ఒక్క పని కాదు. ఇప్పుడే విన్న వాక్యాన్ని మనసులో నిలుపుకోవాలి, అందులో సారం ఏమిటో తేల్చుకోవాలి, దాన్ని కాగితం మీద పెట్టాలి. ఇవన్నీ చేస్తూనే తరవాతి వాక్యం వినాలి. ఆ క్షణానికి మనసులో పట్టి ఉంచుకోగలిగింది చాలా కొంచెం. నెల్సన్ కవన్ 2001లో దాన్ని సుమారు నాలుగు అంశాలుగా అంచనా కట్టారు. అందుకే విద్యార్థుల నోట్సును ఉపన్యాసంతో పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులకు, ముఖ్యమైన అంశాల్లో ఇంచుమించు మూడో వంతే కాగితం మీద కనబడుతూ వచ్చింది. దీన్ని సోమరితనమనుకోవడం తప్పు. మనిషి చెవికీ చేతికీ మధ్య ఉన్న సహజమైన అంతరం ఇది. రాయగలిగింది మూడో వంతే అయినప్పుడు, ఆ మూడో వంతులో ఏది ఉండాలన్నదే అసలు ప్రశ్న అవుతుంది. చెయ్యి ఆగిన చోట రాత ఆగిపోయేవారికి ఆ ఎంపికను అలసట చేసిపెడుతుంది. తెలిసి రాసేవారు దాన్ని తామే చేసుకుంటారు.

నోట్సు వల్ల లాభం ఏమిటన్నది కూడా విడదీసి చూడాలి. 1972లో ఫ్రాన్సిస్ డి వెస్టా, సూజన్ గ్రే ఈ ప్రశ్న వేసుకుని రెండు ప్రయోజనాలను వేరు చేశారు. రాసే ప్రయత్నంలోనే విషయం మనసుకు ఎక్కడం మొదటిది. రాసింది తరవాత చదువుకోవడానికి నిలవ ఉండటం రెండోది. మనవాళ్లు సాధారణంగా రెండోదాన్నే లాభంగా లెక్కిస్తారు. రెండోదే లాభమైతే పక్కవాళ్ల నోట్సు, సీనియర్ల నోట్సు, అంగడిలో దొరికే గైడ్ అన్నీ సమానమే. కానీ మొదటి ప్రయోజనాన్ని అరువు తెచ్చుకోవడానికి వీల్లేదు. మైకేల్ హౌ 1970లో విద్యార్థుల నోట్సునూ తరవాత వాళ్లకు గుర్తున్నదాన్నీ పోల్చి చూస్తే, కాగితం మీదికి ఎక్కిన అంశాలు ఎక్కని వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా గుర్తున్నాయి. గుర్తుండే తెలివైనవాళ్లే రాశారేమో అని ఇక్కడ అనుమానం రావచ్చు. అయితే పోలిక ఒకే విద్యార్థి రాసుకున్న అంశాలకూ వదిలేసిన అంశాలకూ మధ్య జరిగింది. ఏది ముఖ్యమని విద్యార్థి నిర్ణయించుకుని రాశారో అదే నిలిచింది. నిర్ణయమూ రాతా కలిసి పనిచేసిన ఫలం అది. కాబట్టి నోట్సు నాణ్యతను పేజీల లెక్కతో కొలిస్తే, అసలు జరిగిన చదువును కొలవకుండా వదిలేసినట్టే.

ఇక్కడ ఎక్కువగా వినిపించే పరిశోధన ఒకటుంది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం అవసరం. 2014లో పామ్ మ్యూలర్, డేనియల్ ఓపెన్‌హైమర్ కొందరు విద్యార్థులకు ఉపన్యాసాలు చూపించి, కొందరిని చేత్తోనూ మరికొందరిని ల్యాప్‌టాప్ మీదా నోట్సు తీసుకోమన్నారు. ల్యాప్‌టాప్ వాళ్లు ఎక్కువ మాటలు ఎక్కించారు, వక్త మాటలనే యథాతథంగా దింపారు. భావాన్ని పరీక్షించే ప్రశ్నల దగ్గర మాత్రం వెనకబడ్డారు. యథాతథంగా దింపవద్దని ముందే హెచ్చరించినా ఆ అలవాటు పోలేదు. ఈ ఫలితం ప్రపంచమంతా పాకి, కలమే గొప్పదన్న తీర్పుగా స్థిరపడిపోయింది. కానీ 2019లో కైలా మోర్‌హెడ్, జాన్ డన్‌లోస్కీ, కేథరీన్ రాసన్ మళ్లీ చేసి చూస్తే ఆ తేడా స్పష్టంగా కనబడలేదు. 2021లో హెదర్ అర్రీ బృందం మొదటి ప్రయోగాన్నే తిరిగి చేసినప్పుడు, ల్యాప్‌టాప్ వాళ్లు ఎక్కువ మాటలు యథాతథంగా దింపారన్నది నిజమేనని తేలింది, పరీక్షలో వెనకబడ్డారన్నది మాత్రం నిలవలేదు. అందువల్ల కలం మంచిది, కీబోర్డు చెడ్డది అని చెప్పే హక్కు మనకు లేదు. అయితే మొదటి ప్రయోగంలోనూ, తిరిగి చేసిన ప్రయోగంలోనూ మారకుండా నిలిచిన విషయం ఒకటుంది. ల్యాప్‌టాప్ వాళ్లు ఎక్కువ మాటలు దింపుకున్నా, చేత్తో రాసినవారికన్నా ఎక్కువ నేర్చుకోలేదు. సాధనం ఏదైనా సరే, పరిమాణం పెంచుకున్నంత మాత్రాన చదువు పెరగదన్నదే ఈ మొత్తం వాదులాట నుంచి గట్టిగా పట్టుకోదగిన పాఠం.

మన సంప్రదాయం వైపు నుంచి ఒక ఆక్షేపణ వస్తుంది. మన చదువు నోటి చదువు, ధారణ మన ఆస్తి, రాసుకోవడం మొదలయ్యాకే జ్ఞాపకశక్తి తగ్గింది అని చాలామంది పెద్దలు బాధపడతారు. తెలుగువాళ్లకు ఈ మాట అనే అర్హత ఉంది, ఎందుకంటే అవధానం మనది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒకరి తరవాత ఒకరు సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటివి ఇస్తారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం అడ్డుపడుతుంది, మోగే గంటలు లెక్కపెట్టాల్సి ఉంటుంది. అవధాని పద్యం అడిగిన ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున ఆవృత్తులు పూర్తిచేసి, చివర పద్యాలన్నీ కాగితం లేకుండా ధారణ చేస్తారు. కానీ చివర అవధాని అప్పజెప్పేది ఏమిటో గమనించాలి. అది ఎనిమిదిమంది చెప్పిన మాటల నకలు కాదు. వాళ్లిచ్చిన సామగ్రితో తాను కట్టిన పద్యం. ఛందస్సు ఆ పద్యానికి చట్రం, యతిప్రాసలు ఆ చట్రానికి బిగింపు. విన్నదాన్ని తన కూర్పులోకి తెచ్చుకున్నారు కాబట్టే అది నిలిచింది. సొంతంగా కూర్చుకున్న మాట చదివిన మాట కంటే బాగా గుర్తుంటుందని నార్మన్ స్లమెకా, పీటర్ గ్రాఫ్ 1978లో ప్రయోగాలతో చూపిన విషయాన్ని మన అవధాన వేదిక అంతకు ఎంతో ముందే కళగా మలిచింది. ధారణ గొప్పదన్న పెద్దల మాట నిజమే. ఆ ధారణకు ఆధారం కూర్పు. విద్యార్థి నోట్సులో చెయ్యాల్సిన పనీ ఆ కూర్పే.

ఈ పనిని నిండుగా చేసిన వ్యక్తిగా చరిత్రలో నిలిచినవారు మైకేల్ ఫారడే. లండన్‌లో పుస్తకాల బైండింగు షాపులో పనినేర్చుకుంటూ, 1810 నుంచి జాన్ టాటమ్ ఇచ్చే విజ్ఞాన ఉపన్యాసాలకు వెళ్లేవారు. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగింటిని విన్నారు. ఫారడే పద్ధతి మనకు తెలుసు. హాల్లో కూర్చుని ముఖ్యమైన మాటలు, ప్రయోగాల పేర్లు, పదార్థాల పేర్లు, కీలకమైన చిన్న వాక్యాలు మాత్రమే రాసుకునేవారు. ఇంటికి వెళ్లాక వాటి ఆధారంగా మరింత వివరంగా రెండోసారి రాసేవారు. ఆ తరవాత పాఠాన్ని మొత్తంగా, బొమ్మలతో సహా, తన మాటల్లో తిరిగి నిర్మించేవారు. డేవీ ఉపన్యాసాల మీద అలా రాసిన పేజీలను తానే బైండు చేసి ఆయనకు పంపారు. 1813 మార్చిలో ఆ సంస్థలో సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకోవడం మామూలే. నోట్సు పద్ధతికి ఉదాహరణగా చూస్తే ఇంకా ఎక్కువ నేర్చుకోవచ్చు. హాల్లో ఆయన రాసింది అతి తక్కువ. ఆ కొద్దీ ఎందుకు సరిపోయిందంటే, బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదివిన తయారీ ముందే ఉంది, ఇంటికి వెళ్లి తిరిగి కట్టే పని వెంటనే జరిగింది. అంత తక్కువ రాసుకుని మొత్తం పాఠాన్ని నిలుపుకోవడానికి ఆ రెండే కారణాలు.

మన తరగతికే వచ్చి ఒక ఉదాహరణ తీసుకుందాం. నాగార్జున సాగర్ వంటి గ్రావిటీ డ్యామ్ ఎలా నిలబడుతుందో సివిల్ ఇంజనీరింగ్ తరగతిలో అయిదు నిమిషాల్లో చెప్పేస్తారు. ఆ అయిదు నిమిషాల్లో అధ్యాపకులు ఏడు వందల మాటల దాకా పలుకుతారు. విద్యార్థి చేతికి అందేది నూట పాతిక మాటలకు మించదు. విన్నది విన్నట్టు దింపేవారి కాగితం మీద మొదటి నిమిషంలోని నిర్వచనమూ, చివర్లోని సగం వాక్యమూ మిగులుతాయి. ఎంచి రాసేవారు ముందు బొమ్మ గీస్తారు. నీటి ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది కాబట్టి అడుగున వెడల్పైన త్రికోణం, ఆ నెట్టుడంతా అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుందని ఒక బాణం, లోతు రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలన్న చిన్న మాట. దానికి ఎదురుగా డ్యామ్ బరువు మరో బాణం. అడుగు నుంచి ఊరే నీరు పైకి నెడుతుంది కాబట్టి ఆ బరువులో కొంత పోయినట్టే అని ఇంకో బాణం, దానికి విరుగుడుగా డ్రైనేజీ గ్యాలరీ అన్న మాట. ఫలితబలం అడుగు వెడల్పులో మధ్య మూడో భాగం దాటితే కట్టడంలో లాగుడు పుడుతుందని ఒక హెచ్చరిక. ఇదంతా ముప్పై, నలభై మాటలకు మించదు. అధ్యాపకులు చెప్పిన కారణాల గొలుసు మాత్రం ఎక్కడా తెగలేదు. మార్జిన్‌లో ఒక ప్రశ్న కూడా పడుతుంది: రాతికి లాగుడు ఎందుకు అంత ప్రమాదం? ఆ ప్రశ్న రాసుకున్నవారు ఆ పాఠాన్ని దాటి ముందుకు వెళ్లారు.

దీనికి గణితం వైపు నుంచి అభ్యంతరం వస్తుంది. డెరివేషన్‌లో ఒక్క మెట్టు తప్పినా అంతా పోతుంది కదా, అక్కడ బోర్డు మొత్తం దింపక తప్పదు కదా అని. బోర్డు దింపుకోవడం వరకు ఒప్పుకోవాలి. కానీ అది చాలదు. అమెరికాలో పై తరగతుల గణిత ఉపన్యాసాలను పరిశీలించి టిమ్ ఫుకావా-కానెలీ, కీత్ వెబర్, పాబ్లో మెహియా-రామోస్ 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ ఉపన్యాసాల్లో నిరూపణ మెట్లు బోర్డు మీద ఉన్నాయి. ఆ నిరూపణ వెనుక ఆలోచన, ఒక పద్ధతిని ఎందుకు ఎంచుకున్నామన్న వివరణ ఎక్కువగా నోటి మాటగానే వచ్చాయి. విద్యార్థుల నోట్సులో మొదటిది ఉంది, రెండోది చాలా వరకు లేదు. నష్టం ఎక్కడ జరుగుతోందో దీన్నిబట్టి తెలుస్తుంది. బోర్డు మీది మెట్లు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. ఇక్కడ ఇరువైపులా దీంతో ఎందుకు గుణించామో, ఈ షరతు లేకపోతే ఏమవుతుందో అధ్యాపకులు అన్న మాట ఇంకెక్కడా దొరకదు. కాబట్టి గణిత తరగతిలో సైతం కాగితానికి ఒక పక్క మెట్లు, మరో పక్క ఎందుకు అన్న దానికి జవాబు ఉండాలి. చెయ్యి ఆలస్యమైతే మెట్టు వదిలి కారణాన్ని పట్టుకోవాలి. మెట్టును తరవాత పూరించుకోవచ్చు.

ఏది ముఖ్యమో అప్పటికప్పుడు ఎలా తెలుస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. అధ్యాపకుల మాటలోనే గుర్తులు ఉంటాయి. దీనికి మూడు కారణాలు అన్నప్పుడు, దీనికీ నిన్న చెప్పిన దానికీ తేడా ఏమిటంటే అన్నప్పుడు, ఒకే విషయాన్ని రెండోసారి మరో మాటల్లో చెప్పినప్పుడు, ఉదాహరణ ముగించి మళ్లీ సూత్రానికి వచ్చినప్పుడు పాఠపు ఎముకలు బయటపడతాయి. అయినా ఆ గుర్తులు పట్టుకోవాలంటే విషయం పూర్తిగా కొత్తగా ఉండకూడదు. చేతిలో చేట ఉన్నా గింజ ఏదో పొల్లు ఏదో తెలియనివాళ్లు తూర్పారబట్టలేరు. ముందు రోజు రాత్రి పావుగంట పాటు ఆ అధ్యాయంలోని శీర్షికలు, బొమ్మలు, కొత్త పదాలు చూసుకుని వెళ్తే, తరగతిలో స్పెల్లింగుల కోసం తడుముకునే సమయం ఆలోచనకు మిగులుతుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లీషు ఉపన్యాసం వినే విద్యార్థులకు ఈ పావుగంట మరీ ముఖ్యం. వాళ్ల మీద పడేది రెట్టింపు బరువు. విన్నదాన్ని అర్థం చేసుకోవడం ఒకటి, భాషను దాటడం మరొకటి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి దాకా పాఠ్యపుస్తకాలు తెచ్చింది. అదే విషయాన్ని ముందుగా తెలుగులో చదివి వెళ్లిన విద్యార్థి తరగతిలో పదాలను మాత్రమే కొత్తగా నేర్చుకుంటారు, భావాన్ని కాదు. నోట్సులో కూడా సాంకేతిక పదాలు ఇంగ్లీషులో, వాటిని కలిపే కారణాలు తెలుగులో రాసుకుంటే ఏ తప్పూ లేదు. నోట్సు ఎవరికీ చూపించాల్సిన రచన కాదు. మనసు ఏ భాషలో వేగంగా నడుస్తుందో కలం ఆ భాషలో నడవాలి. తప్పులు దొర్లుతాయన్న భయంతో అర్థం కాని ఇంగ్లీషు వాక్యాన్ని యథాతథంగా దింపుకునే పిల్లలు మన కాలేజీల్లో వేలల్లో ఉన్నారు. వాళ్ల నోటుపుస్తకాల్లో తెలుగుకు చోటు ఉందని చెప్పడం మన బాధ్యత.

తరగతి అయ్యాక చేసే పని గురించి ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనం పూర్తిగా వదిలేసింది దాన్నే. హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో తన మీద తానే చేసుకున్న ప్రయోగాలు ప్రచురించారు. అర్థంలేని అక్షరాల వరసలను నేర్చుకుని చూస్తే, మరుపు మొదటి గంటల్లో అతి వేగంగా, ఆ తరవాత నెమ్మదిగా సాగింది. అర్థమున్న పాఠం అంత తొందరగా పోదు. అయినా మొదటి రోజే ఎక్కువ నష్టమన్న తీరు మారదు. అందుకే వారం తరవాత తెరిచిన సొంత నోట్సే పరాయివారి రాతలా కనబడుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతి ఈ లోటును ఉద్దేశించిందే. పేజీకి ఎడమవైపు సన్నని గడి, కుడివైపు వెడల్పైన గడి, అడుగున కొద్ది చోటు. తరగతిలో కుడివైపు రాస్తారు. అదే రోజు కూర్చుని ఎడమ గడిలో ఆ రాతకు ప్రశ్నలు రాసుకుంటారు, అడుగున సారాంశం రెండు వాక్యాల్లో పెడతారు. ఆ తరవాత కుడివైపు మూసి, ఎడమవైపు ప్రశ్న చూసి జవాబు చెప్పుకుంటారు. ఈ చివరి మెట్టే ప్రాణం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగాల్లో ఒక భాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరవాతి పరీక్షలో ముందున్నారు. రెండు రోజుల తరవాత, వారం తరవాత చూస్తే, చదవడానికి బదులు చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే ముందున్నారు. నోట్సును ఎర్రగీతలు గీస్తూ పదిసార్లు చదివే మన అలవాటు ఆ రాత్రికి తృప్తినిస్తుంది. సెమిస్టర్ చివరికి నిలిచేది మూసి చెప్పుకున్న పాఠం. ఫెయిర్ నోట్స్ పేరుతో అందమైన రాతలో మళ్లీ దింపుకునే శ్రమ కూడా, అందులో ప్రశ్న లేకపోతే, చేతి పనిగానే మిగిలిపోతుంది.

ఈ కాలంలో అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ యంత్రాల వైపు నుంచి వస్తుంది. ఉపన్యాసమంతా ఫోను రికార్డు చేస్తుంది, మాటలన్నీ అక్షరాలుగా మారుస్తుంది, సారాంశం కూడా తయారుచేసి ఇస్తుంది; ఇక నోట్సెందుకు అని విద్యార్థులు అడుగుతున్నారు. నిలవ ఉంచడం ఒక్కటే ప్రయోజనమైతే వాళ్లు చెప్పింది నిజం. వినికిడి లోపమున్నవారికీ, చేతిరాత కష్టమైనవారికీ ఈ యంత్రాలు నిజమైన అండ, వాటిని ఆపకూడదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలను ఆపి ఆపి వినగలగడం మారుమూల కాలేజీ విద్యార్థికి పెద్ద వరం. కానీ రికార్డు ఏమిస్తుందో ఏమివ్వదో తెలియడానికి ఫైన్‌మన్ పాఠాలను చూడండి. 1961 నుంచి 1963 దాకా కాల్‌టెక్‌లో రిచర్డ్ ఫైన్‌మన్ చెప్పిన భౌతికశాస్త్ర ఉపన్యాసాలను టేపుల మీద రికార్డు చేశారు, బోర్డును ఫొటోలు తీశారు. అంత సంపూర్ణమైన రికార్డు చేతిలో ఉన్నా, అది పుస్తకం కావడానికి రాబర్ట్ లేటన్, మాథ్యూ శాండ్స్ కూర్చుని ప్రతి పాఠాన్నీ ఆలోచించి తిరిగి కూర్చవలసి వచ్చింది. రికార్డు మాటలను ఇచ్చింది. కూర్పు మనుషులు చేశారు. విద్యార్థికి కావాల్సిన చదువు ఆ కూర్పులోనే ఉంది. దాన్ని యంత్రానికి అప్పగిస్తే సారాంశం తయారవుతుంది, విద్యార్థి తయారుకారు. రికార్డును ఖాళీలు పూరించుకోవడానికి వాడుకోవాలి. తాను రాసుకున్న తరవాత యంత్రం ఇచ్చిన సారాంశంతో పోల్చి, తాను ఏది వదిలేశారో వెతుక్కోవాలి. ఈ వరస తిరగబడితే మొదటి ప్రయోజనం మొత్తం పోతుంది.

మరో ఆక్షేపణ పరీక్షల గురించి. మన విశ్వవిద్యాలయ పరీక్షల్లో పాత ప్రశ్నలే తిరిగి వస్తాయి, గైడ్‌లోని జవాబు రాస్తే మార్కులు పడతాయి, ఇంత శ్రమ ఎందుకు అని అడిగేవారిని తప్పుపట్టలేం. వ్యవస్థ వాళ్లకు అదే నేర్పింది. అయినా ఆ ప్రశ్నకు రెండు బదుళ్లున్నాయి. గేట్ వంటి పరీక్షలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో, పై చదువుల్లో గైడ్‌లోని వాక్యం ఎదురుకాదు, కారణం అడుగుతారు. రెండోది, పరీక్షలు అలా ఉన్నందుకు జవాబుదారీ విద్యార్థులది కాదు, మనది. చెప్పిన నోట్సునే తిరిగి రాయమనే ప్రశ్నపత్రం తయారుచేస్తూ, పిల్లలు ఆలోచించడం లేదని విచారించే హక్కు మనకు ఉండదు.

చివరిగా, విద్యార్థులు తమ వైపు నుంచి చేసే ఫిర్యాదును నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అధ్యాపకులు మరీ వేగంగా చెప్తున్నారన్నది నిజం. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడి, స్లయిడ్ల మీద స్లయిడ్లు మార్చే సౌకర్యం కలిసి ఆ వేగాన్ని పెంచాయి. దీనికి ఖర్చులేని మందు ఒకటి 1987లోనే దొరికింది. క్యాథీ రూల్, చార్లెస్ హ్యూస్, ప్యాట్రిక్ ష్లాస్ చేసిన ప్రయోగంలో అధ్యాపకులు ఉపన్యాసం మధ్యలో మూడుసార్లు, రెండేసి నిమిషాలు ఆగారు. ఆ సమయంలో విద్యార్థులు జంటలుగా నోట్సు సరిపోల్చుకున్నారు. అలా విన్నవారికి పాఠం ఎక్కువగా గుర్తుంది. సరిపోల్చుకోవడంలో ఉన్న శక్తికి గొప్ప సాక్ష్యం భాషాశాస్త్రంలో ఉంది. ఫెర్డినాండ్ ద సొస్యూర్ 1907 నుంచి 1911 వరకు జెనీవాలో మూడుసార్లు చెప్పిన సాధారణ భాషాశాస్త్ర పాఠాలను పుస్తకంగా రాయకుండానే 1913లో మరణించారు. 1916లో వెలువడిన ఆ ప్రసిద్ధ గ్రంథాన్ని ఆ తరగతుల్లో కూర్చోని ఇద్దరు సహచరులు, షార్ల్ బాయీ, ఆల్బర్ట్ సెషయే, విద్యార్థుల నోట్సులను పక్కపక్కన పెట్టి కూర్చారు. ఏ ఒక్క విద్యార్థి పుస్తకంలోనూ పాఠం పూర్తిగా లేదు. ఒకరు వదిలిన చోటు మరొకరు నింపారు. ఆ కూర్పులోని లోపాల మీద పండితులు తరవాత ఎంతో చర్చించారు, అది సహజం. కానీ ఇరవయ్యో శతాబ్దపు ఆలోచనను మలుపు తిప్పిన పుస్తకం తరగతి గది నోట్సుల నుంచి నిలబడింది. మూడో వంతు రాసుకున్న విద్యార్థులు ముగ్గురు కలిసి కూర్చుంటే ఏం సాధించగలరో దీన్ని మించిన రుజువు అక్కర్లేదు.

కాబట్టి ఈ వేదిక నుంచి మూడు కోరికలు కోరుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో నోట్సు విద్యను తరగతిలో కూర్చోబెట్టి, రాయించి, సరిదిద్ది నేర్పాలి. ఓరియంటేషన్ రోజున ఇచ్చే ఒక ఉపదేశంతో సరిపెట్టకూడదు. గంట పాఠంలో కనీసం మూడు చోట్ల అధ్యాపకులు ఆగి, విద్యార్థులను ఒకరితో ఒకరు పోల్చుకోనివ్వాలి. ఆ ఆరు నిమిషాల వల్ల సిలబస్ ఆగదు, పాఠం అందుతుంది. ప్రశ్నపత్రంలో కారణం అడిగే ప్రశ్నలు పెంచాలి, అప్పుడే కారణం రాసుకునే అలవాటుకు విలువ వస్తుంది. విద్యార్థులను కోరేది ఒక్కటే. ముందు రోజు పావుగంట, అదే రోజు సాయంత్రం పావుగంట మీ చదువుకు ఇవ్వండి. మధ్యలోని గంటలో తల ఎత్తి వినండి, తక్కువ రాయండి, రాసిన ప్రతి మాటా మీరు ఎంచుకున్నదై ఉండాలి. ఎవరో చెప్పినది మీ ఆలోచనగా మారే చోటు అదే. ఆ మార్పు జరిగిన చోటనే అధ్యాపకుల జీవితకాలపు శ్రమ నిలబడుతుంది. ఈ స్మారక సభ గౌరవిస్తున్నది కూడా ఆ శ్రమనే.